గుండెపోటు – రక్తంలో హార్మోన్ల సాక్ష్యం

వినాళ గ్రంధుల పేర్లు రాయమని పరీక్షలో అడిగితే మీరు ఏం రాస్తారు? పీయూష గ్రంధి, అవటు గ్రంధి, అధివృక్క గ్రంధులు, క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలు, స్త్రీ బీజకోశాలు, ముష్కాలు. ఈ జాబితాకు పూర్తి మార్కులు వస్తాయి. చివర్లో గుండె పేరు కూడా చేర్చిన విద్యార్థికి మాత్రం, పేపరు దిద్దేవారిని బట్టి, మార్కు రావచ్చు, ఎర్ర సిరా గీత అయినా పడవచ్చు. నిజానికి ఆ విద్యార్థి రాసింది తప్పు కాదు. గుండె రక్తాన్ని తోడే పంపు మాత్రమే కాదు. హార్మోన్లను తయారుచేసి రక్తంలోకి వదిలే అవయవం కూడా.

గుండెపోటు వచ్చినప్పుడు రక్తంలో కొన్ని హార్మోన్ల పరిమాణం మారుతుంది. ఆ మార్పును కొలిచి వైద్యులు ఏం తెలుసుకోగలుగుతున్నారు, ఏం తెలుసుకోలేరు అన్నది ఈ ప్రసంగంలో మన విషయం.

ఇది వైద్య విద్యార్థులకు వదిలేయవలసిన సంగతి అని మీకు అనిపించవచ్చు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం నుంచి దక్షిణాసియా వివరాలను 2007లో విడిగా ప్రచురించారు. తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు మిగతా దేశాల్లో 58.8 సంవత్సరాలు కాగా, భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ రోగుల్లో 53 సంవత్సరాలే. 53 ఏళ్లంటే డిగ్రీ చదివే పిల్లలున్న తండ్రి వయసు. ఛాతీలో బరువుగా ఉందంటే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట "గ్యాస్ పట్టేసింది" అని. వాము నమలడం, సోడా తాగడం అయ్యాక ఎప్పటికో ఆసుపత్రికి వెళ్తారు. అక్కడ రక్తం తీస్తారు. "నార్మల్" అని కాగితం వస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చేస్తారు. ఆ నార్మల్ ఏ పదార్థానికి సంబంధించినది? నొప్పి మొదలైన ఎన్ని గంటలకు తీసిన రక్తం అది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియకపోతే ఆ కాగితానికి అర్థం లేదు.

రెండు రకాల వార్తలు

గుండె కండరానికి రక్తం అందించేవి కరోనరీ ధమనులు. వాటి లోపలి గోడలో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు దాని పైపొర చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి బాగా ఇరుకవుతుంది, లేదా పూర్తిగా మూసుకుపోతుంది. ఈ హఠాత్ పరిణామాలన్నిటినీ కలిపి వైద్యులు అక్యూట్ కరోనరీ సిండ్రోమ్ అంటారు. దారి కొంత మిగిలి, కండరం చావకుండా బయటపడితే అది అస్థిర యాంజైనా. కండరం చనిపోతే గుండెపోటు. దారి పూర్తిగా మూసుకుపోయిన సుమారు 20 నిమిషాల తర్వాత కండర కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఆ నష్టం గంటల వ్యవధిలో లోపలి పొర నుంచి బయటి పొర వైపు పాకుతుంది.

ఊళ్లో ఒక ఇల్లు అంటుకుందనుకోండి. ముందు కేకలు వినిపిస్తాయి. బూడిద తర్వాత కనబడుతుంది. మంటలు ఆరాక, మిగిలిన దూలాలు పైకప్పు బరువు మోయలేక కిర్రుమంటూ ఉంటాయి. రక్తంలోకి వచ్చే వార్తలూ ఇలాంటివే. చచ్చిన కణాల నుంచి కారేది బూడిద. ఇక బతికి ఉన్న కణాలు పంపే వార్తల్లో రెండు తరహాలున్నాయి. ఆపదను పసిగట్టి మెదడు, గ్రంధులు వదిలే ఒత్తిడి హార్మోన్లు కేకలు. చావకుండా మిగిలిన గుండె కండరం అదనపు భారం మోస్తూ వదిలే హార్మోన్లు దూలాల చప్పుడు.

బూడిద సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. గుండెపోటు తర్వాత ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైమ్ రక్తంలో పెరుగుతుందని 1954లో చూపించారు. అది కాలేయంలోనూ ఉంటుంది కాబట్టి గట్టి సాక్ష్యం కాలేకపోయింది. ఆ తర్వాత సి.కె.-ఎం.బి. వచ్చింది. ఇప్పుడు ఆ స్థానం ట్రోపోనిన్‌ది. కండరం ముడుచుకోవడాన్ని నియంత్రించే ఈ ప్రోటీన్‌ను 1960ల్లో జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషీ కనుగొన్నారు. 1989లో జర్మనీకి చెందిన హ్యూగో కాటుస్ బృందం ట్రోపోనిన్-టి రక్తపరీక్షను ప్రకటించింది. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ సంఘాలు గుండెపోటు నిర్వచనానికే దాన్ని ఆధారం చేశాయి.

ట్రోపోనిన్ హార్మోన్ కాదు, అది ఎవరికీ కబురు మోయదు. కణం పగిలితే బయటపడుతుంది, అంతే. పాత తరహా పరీక్షల్లో అది కనబడటానికి నొప్పి మొదలయ్యాక 3 నుంచి 6 గంటలు పట్టేది. ఇప్పటి అతి సున్నితమైన పరీక్షల్లో 1 నుంచి 3 గంటల్లోనే పట్టుబడుతుంది. అయినా అది చెప్పేది కండరం దెబ్బతిన్నదనే. దెబ్బకు ముందున్న ఆపద గురించిగానీ, మిగిలిన గుండె బలం గురించిగానీ అది నేరుగా ఏమీ చెప్పదు. హార్మోన్ల అవసరం అక్కడే వచ్చింది.

ఎలుకలకు ఇచ్చిన ఇంజెక్షన్

1956లో బ్రూనో కిష్ గినీ పంది గుండెను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు కర్ణికల కండర కణాల్లో చిన్న చిన్న రేణువులు కనిపించాయి. జఠరికల కణాల్లో అవి లేవు. హార్మోన్లు స్రవించే గ్రంధి కణాల్లో ఇలాంటి రేణువులే ఉంటాయి. మరి కండరంలో వాటికేం పని? అదే 1956లో హెన్రీ, పియర్స్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కల ఎడమ కర్ణికలో బెలూన్ ఉబ్బించి చూశారు. కర్ణిక గోడ సాగగానే మూత్రం ఎక్కువైంది. ఈ రెండు ముక్కలూ ఒకచోట కలవడానికి పాతికేళ్లు పట్టింది.

కలిపిన వారు అడాల్ఫో డి బోల్డ్. కెనడాలోని కింగ్‌స్టన్‌లో, క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఎలుకల కర్ణికలను నూరి సారం తీసి, దాన్ని వేరే ఎలుకల రక్తంలోకి ఎక్కించింది. మూత్రం 10 రెట్లు, అందులో బయటికి పోయే సోడియం 30 రెట్లకు పైగా పెరిగాయి. జఠరికల సారం ఇచ్చినప్పుడు అలా జరగలేదు. ఈ ఫలితాలు 1981లో అచ్చయ్యాయి. ఇంత పెద్ద విషయాన్ని ఇంత సాదా ప్రయోగంతో తేల్చడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. నూరడం, వడగట్టడం, ఎక్కించడం, మూత్రం కొలవడం. ప్రయోగశాల అంటే ఖరీదైన యంత్రాలే అనుకునే విద్యార్థులకు నేను దీన్నే ఉదాహరణగా చూపిస్తుంటాను.

దీని వెనుక ఉన్న తర్కం చూడండి. రక్త పరిమాణం పెరిగితే గుండెలోకి వచ్చే రక్తం ఎక్కువై కర్ణిక గోడ సాగుతుంది. సాగిన కణాలు హార్మోన్ వదులుతాయి. అది మూత్రపిండాలకు చేరి ఉప్పును, నీటిని బయటికి పంపిస్తుంది. రక్తనాళాలను సడలిస్తుంది. గుండె మీద బరువు తగ్గుతుంది. అంటే గుండె తన మోత తానే దించుకుంటోందన్నమాట. సోడియానికి లాటిన్ పేరు నేట్రియం కనుక, సోడియాన్ని మూత్రంలోకి పంపే ఈ పదార్థానికి ఏట్రియల్ నేట్రియురెటిక్ పెప్టైడ్, క్లుప్తంగా ఏ.ఎన్.పి. అని పేరు వచ్చింది. జపాన్‌కు చెందిన కంగావా, మత్సువో 1984లో మానవ ఏ.ఎన్.పి. నిర్మాణాన్ని తేల్చారు. 1988లో వారి బృందమే పంది మెదడు నుంచి దీనికి చుట్టం లాంటి మరో పెప్టైడ్‌ను వేరుచేసింది. మెదడులో దొరికింది కాబట్టి దానికి బ్రెయిన్ నేట్రియురెటిక్ పెప్టైడ్, అంటే బి.ఎన్.పి. అని పేరు పెట్టారు. తీరా చూస్తే అది ప్రధానంగా తయారయ్యేది గుండె జఠరికల్లో అని తెలిసింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. శాస్త్రంలో ఒకసారి పెట్టిన పేరు ఇంటిపేరులా అతుక్కుపోతుంది.

దూలాల చప్పుడు

ఏ.ఎన్.పి. రేణువుల్లో సిద్ధంగా నిల్వ ఉంటుంది. బి.ఎన్.పి. చాలావరకు అవసరం పడ్డప్పుడే తయారవుతుంది. జఠరిక గోడ మీద ఒత్తిడి పెరిగితే దాని జన్యువు మేల్కొంటుంది. ముందుగా 108 ఎమైనో ఆమ్లాల పొడవున్న గొలుసు తయారై రెండుగా తెగుతుంది. 32 ఎమైనో ఆమ్లాల ముక్క బి.ఎన్.పి., అసలు పని చేసేది అదే. మిగిలిన 76 ఎమైనో ఆమ్లాల ముక్కను ఎన్.టి.-ప్రో బి.ఎన్.పి. అంటారు. దానికి తెలిసిన పని ఏమీ లేదు. కానీ బి.ఎన్.పి. అర్ధజీవిత కాలం దాదాపు 20 నిమిషాలే కాగా, ఈ పనిలేని ముక్క గంట నుంచి రెండు గంటల దాకా నిలుస్తుంది. కొబ్బరికాయ కొట్టి ముక్కలు పంచాక, ఎన్ని కాయలు కొట్టారో తెలియాలంటే మిగిలిన చిప్పలు లెక్కపెట్టాలి కదా! ఎన్.టి.-ప్రో బి.ఎన్.పి. అలాంటి చిప్ప.

వీటిని కొలిచే ప్రమాణం పికోగ్రాము, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. మిల్లీలీటరుకు 100 పికోగ్రాముల బి.ఎన్.పి. ఉందనుకుందాం. మన ఒంట్లో ప్లాస్మా సుమారు 3 లీటర్లు. లెక్క కడితే మొత్తం ప్లాస్మాలో ఉన్నది 0.3 మైక్రోగ్రాము. ఒక ఉప్పు రవ్వ బరువు దాదాపు 60 మైక్రోగ్రాములు ఉంటుంది. అందులో రెండువందల వంతన్నమాట. ఇంత స్వల్ప పరిమాణాన్ని పట్టుకోగలుగుతున్నామంటే కారణం ప్రతిరక్షకాలు. ఆ పెప్టైడ్‌కే అతుక్కునే ప్రతిరక్షకాలను వాడి కొలుస్తారు. ఈ తరహా కొలతకు దారి వేసిన రోజలిన్ యాలోకు 1977లో నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు గుండెపోటు దగ్గరికి వద్దాం. చచ్చిన కండరం ముడుచుకోదు. దాని వాటా పని చుట్టూ ఉన్న కండరం మీద పడుతుంది. జఠరికలో ఒత్తిడి పెరిగి గోడ సాగుతుంది. కొన్ని గంటల్లో బి.ఎన్.పి. పెరగడం మొదలై సుమారు ఒక రోజుకు గరిష్ఠానికి చేరుతుంది. గాయం పెద్దదైతే 5వ రోజు ప్రాంతంలో రెండోసారి పెరగవచ్చు. అప్పటికి దెబ్బతిన్న జఠరిక గోడ పలచబడి ఉబ్బుతూ ఉంటుంది.

ఈ అంకె ఎంత విలువైనదో 2001లో జేమ్స్ డి లెమోస్ బృందం చూపించింది. అక్యూట్ కరోనరీ సిండ్రోమ్‌తో చేరిన 2,525 మంది రక్తంలో బి.ఎన్.పి. కొలిచి, 10 నెలల పాటు వారిని గమనించారు. మిల్లీలీటరుకు 80 పికోగ్రాములు దాటినవారిలో మరణాలు, గుండె బలహీనపడటం, మళ్లీ గుండెపోటు రావడం ఎక్కువగా కనిపించాయి. విశేషం ఏమిటంటే, అస్థిర యాంజైనా రోగుల్లో కూడా బి.ఎన్.పి. ఎక్కువ ఉన్నవారికే మరణ ప్రమాదం ఎక్కువ. అంటే బూడిద లేనిచోట కూడా దూలాలు చప్పుడు చేస్తున్నాయి.

ఒక పొరపాటు అభిప్రాయాన్ని మాత్రం ఇక్కడే తొలగించుకోవాలి. బి.ఎన్.పి. గుండెపోటును నిర్ధారించే పరీక్ష కాదు. వచ్చిన జబ్బు ఎంత ప్రమాదకరమో అంచనా వేయడానికి పనికివస్తుంది. ఆయాసంతో వచ్చిన రోగికి కారణం గుండె బలహీనతా, ఊపిరితిత్తులా అని తేల్చడానికీ పనికివస్తుంది. 1,586 మంది ఆయాస రోగుల మీద జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో వాడిన 100 పికోగ్రాముల హద్దు ఈ రెండో పనికి సంబంధించినది.

పైగా ఈ అంకెను అనేక విషయాలు అటూ ఇటూ లాగుతాయి. వయసు పెరిగితే పెరుగుతుంది. స్త్రీలలో కొంత ఎక్కువ. మూత్రపిండాలు పాడైతే, గుండె లయ తప్పితే, ఊపిరితిత్తుల నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడితే పెరుగుతుంది. స్థూలకాయుల్లో ఉండవలసినదానికన్నా తక్కువ చూపిస్తుంది. మందులూ మారుస్తాయి. బి.ఎన్.పి.ని విరగగొట్టే నెప్రిలైసిన్ అనే ఎంజైమ్‌ను సాక్యుబిట్రిల్ అనే మందు అడ్డుకుంటుంది. ఇది 2015 నుంచి గుండె బలహీనతకు వాడుకలో ఉంది. ఈ మందు మింగేవారిలో బి.ఎన్.పి. అంకె పెరిగినా జబ్బు ముదిరినట్టు కాదు. అలాంటివారికి ఎన్.టి.-ప్రో బి.ఎన్.పి. చూడాలి, దాని జోలికి ఆ ఎంజైమ్ పోదు.

కేకలు

మూత్రంలో నీటిని తగ్గించే హార్మోన్‌గా మీరు చదువుకున్న వాసోప్రెస్సిన్‌కు మరో ముఖం ఉంది. అది ఒత్తిడి హార్మోన్ కూడా. గుండెపోటు రాగానే రక్తపోటు మార్పులు, నొప్పి, భయం అన్నీ కలిసి హైపోథాలమస్‌ను కుదిపేస్తాయి. పీయూష గ్రంధి వెనుక భాగం నుంచి వాసోప్రెస్సిన్ వెలువడుతుంది. కానీ దాన్ని కొలవడం కష్టం. 9 ఎమైనో ఆమ్లాల ఈ చిన్న అణువు త్వరగా నశిస్తుంది, రక్త ఫలకికలకు అతుక్కుపోతుంది. ఇక్కడ కూడా చిప్పే ఆదుకుంది. వాసోప్రెస్సిన్ ఏ పొడవాటి గొలుసు నుంచి తెగుతుందో, దాని చివరి 39 ఎమైనో ఆమ్లాల ముక్క పేరు కోపెప్టిన్. వాసోప్రెస్సిన్ అణువు ఒకటి తయారైతే కోపెప్టిన్ అణువు ఒకటి తయారవుతుంది. ఇది పరీక్షనాళికలో చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

2009లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ పరిశోధకులు ఛాతీ నొప్పితో వచ్చిన 487 మందిని పరీక్షించి వెలువరించిన ఫలితాలు ఆశలు రేపాయి. నొప్పి మొదలై 4 గంటలు కూడా కానివారిలో, ట్రోపోనిన్-టి ఇంకా కనబడనప్పుడే, కోపెప్టిన్ పెరిగి ఉంది. ట్రోపోనిన్ కనబడక, కోపెప్టిన్ కూడా లీటరుకు 14 పికోమోల్‌ల లోపు ఉంటే గుండెపోటు లేదని 99.7 శాతం నమ్మకంతో చెప్పవచ్చన్నారు.

ఈ 99.7 ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం, పెన్సిల్ తీసుకుని చూద్దాం. ఈ జంట పరీక్ష నిజమైన గుండెపోట్లలో 98.8 శాతాన్ని పట్టుకుంది. గుండెపోటు లేనివారిలో 77.1 శాతం మందిని సరిగ్గా లేదని చెప్పింది. ఆ అధ్యయనంలో దాదాపు 17 శాతం మందికి గుండెపోటు ఉంది. అదే నిష్పత్తిలో 1,000 మంది వచ్చారనుకోండి. గుండెపోటు ఉన్నవారు 170. వారిలో 168 మందిని పరీక్ష పట్టుకుంటుంది, ఇద్దరు జారిపోతారు. లేనివారు 830. వారిలో 640 మందికి లేదని వస్తుంది, 190 మందికి ఉన్నట్టు తప్పుగా వస్తుంది. లేదని వచ్చిన 642 మందిలో పొరపాటు ఇద్దరి విషయంలోనే. అదే 99.7 శాతం. కానీ ఉందని వచ్చిన 358 మందిలో నిజంగా గుండెపోటు ఉన్నవారు 168 మందే, సగం కూడా లేరు! ఎందుకంటే న్యుమోనియా, పక్షవాతం, రక్తంలో ఇన్ఫెక్షన్, ఇలా ఏ ఆపద వచ్చినా వాసోప్రెస్సిన్ పెరుగుతుంది. కేక వినిపిస్తే ఏదో జరిగిందని తెలుస్తుంది, ఏం జరిగిందో తెలియదు. కేక లేకపోవడమే ఇక్కడ పనికొచ్చే సాక్ష్యం.

2014లో వెలువడిన మరో పరీక్షలో 902 మంది రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో కోపెప్టిన్ తక్కువ ఉన్నవారిని త్వరగా ఇంటికి పంపే పద్ధతి పాటించారు. రెండు గుంపుల్లోనూ 30 రోజుల్లో తీవ్ర ఘటనలు 5.2 శాతం దగ్గరే ఉన్నాయి. అయినా కోపెప్టిన్ కథ అంతటితో సుఖాంతం కాలేదు. అతి సున్నితమైన ట్రోపోనిన్ పరీక్ష వచ్చి, గంట లేదా రెండు గంటల తేడాతో రెండుసార్లు కొలిస్తే చాలని తేలాక, యూరప్ హృద్రోగ సంఘం 2020 మార్గదర్శకాల్లో కోపెప్టిన్‌ను మామూలుగా జతచేయవద్దని చెప్పింది. బి.ఎన్.పి.కి మాత్రం ప్రమాదాన్ని అంచనా వేసే పరీక్షగా అదే పుస్తకంలో చోటు దక్కింది. ఈ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. ఒక కొత్త పదార్థం వైద్యుడికి తెలియనిదేదైనా చెప్పాలి. ముందే తెలిసే మార్గం ఉన్నప్పుడు అది రోగికి అదనపు బిల్లే.

మరి ఎడ్రినలిన్, కార్టిసాల్ మాటేమిటి? గుండెపోటులో రెండూ పెరుగుతాయి. ఎడ్రినలిన్ నిమిషాల్లో మాయమవుతుంది. సూది చూసి భయపడినా పెరుగుతుంది. కార్టిసాల్ ఆరోగ్యవంతుల్లో కూడా తెల్లవారుజామున ఎక్కువగా, అర్ధరాత్రి తక్కువగా ఉంటుంది. పరిశోధనకు పనికివస్తాయి గానీ ఎమర్జెన్సీ గదిలో వీటి మీద ఆధారపడలేం.

ఆ "నార్మల్" కాగితం

ఛాతీ నొప్పితో వచ్చినవారికి మొదట చేయవలసింది రక్తపరీక్ష కాదు, ఈ.సి.జి. అది 10 నిమిషాల్లోగా తీయాలి. ధమని పూర్తిగా మూసుకుపోయిన గుర్తులు అందులో ఉంటే ఏ రక్తపరీక్ష కోసమూ ఆగకుండా చికిత్స మొదలుపెడతారు. ఈ.సి.జి. తేల్చనప్పుడే రక్తం సాక్ష్యం కీలకమవుతుంది.

మన దేశంలో 89 ఆసుపత్రుల నుంచి 20,468 మంది రోగుల వివరాలు సేకరించిన క్రియేట్ అధ్యయనం 2008లో వెలువడింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. ఆరు గంటలు! కోపెప్టిన్ లాంటి తొలి గంటల సాక్షి అవసరమే రానంత ఆలస్యం అది. ఆ సరికి ట్రోపోనిన్ కనబడుతూనే ఉంటుంది, కండరం కూడా చాలావరకు పోయి ఉంటుంది. అదే అధ్యయనంలో 30 రోజుల లోపు మరణాలు సంపన్నుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. ఆ తేడాకు ప్రధాన కారణం అందిన చికిత్సలో తేడా అని పరిశోధకులు లెక్కగట్టారు.

త్వరగా వచ్చినవారి చిక్కు వేరు. నొప్పి మొదలైన గంటకే 108లో వచ్చి రక్తం ఇచ్చినవారి ట్రోపోనిన్ నార్మల్ అని వస్తే, దానికి "ఇంకా తెలియలేదు" అనే అర్థం కూడా ఉంది. అందుకే రెండో నమూనా తీస్తారు. అతి సున్నిత పరీక్ష ఉన్నచోట గంట నుంచి మూడు గంటల తర్వాత, పాత పరీక్షలే ఉన్నచోట ఆరు గంటల దాకా ఆగి తీస్తారు. మొదటి కాగితం చూసి ఇంటికి బయలుదేరడానికి వీల్లేదు.

రిపోర్టు చేతికి వస్తే మూడు విషయాలు చూడండి. నొప్పి మొదలైన సమయం, రక్తం తీసిన సమయం, అంకె పక్కన ఉన్న ప్రమాణం. ట్రోపోనిన్-టి హద్దు ఒక ల్యాబు కాగితంలో లీటరుకు 14 నానోగ్రాములని, మరో ల్యాబు కాగితంలో మిల్లీలీటరుకు 0.014 నానోగ్రాములని ఉంటుంది. రెండూ ఒకటే. బి.ఎన్.పి. కాగితంలో మాత్రం ఒకేలా కనిపించే అంకెలు ఒకటి కావు. ఆయాసంతో వచ్చినవారిలో ఎన్.టి.-ప్రో బి.ఎన్.పి. 300 లోపు ఉంటే గుండె బలహీనత లేదని దాదాపుగా చెప్పవచ్చు. అదే 300 అంకె బి.ఎన్.పి. పేరు కింద ఉంటే, అది హద్దుకు మూడు రెట్లు.